ఇంటి గ్రైండరుకు టోకెను

కారమడైలో మోటార్లకు కాయిలు కట్టే వేలుసామి అంటే తెలియని రైతు లేడు. గొప్పకు చెప్పుకోవడం లేదు. అన్నూరు నుంచి మేట్టుపాళయం దాకా ఏ తోటలో మోటారు కాలినా ముందు నా అంగడికే తెస్తారు. ఇరవై ఏడేళ్లుగా ఇదే పని. అలాంటి మనిషి ఇంట్లో గ్రైండరు చెడిపోతే ఆ ఇంటి ఇల్లాలు ఏమనాలి? 'మా ఆయన చూసుకుంటాడు' అనాలి కదా? మా ఆవిడ చెల్లమ్మాళ్ ఏమందో తెలుసా? "కొత్తది కొనేస్తాము" అంది.

ఒక మోటారు మేస్త్రీతో అనాల్సిన మాటా అది? డాక్టరు పెళ్లానికి జ్వరం వస్తే మొగుణ్ణి మారుస్తుందా?

అసలు మొదట జరిగింది ఇంతే. ఆడి నెల రెండో శుక్రవారం, నేను అంగడికి బయలుదేరుతున్నాను. వంటింట్లోంచి చెల్లమ్మాళ్ కేకేసింది.

"మామా, గ్రైండరులో పొగ వస్తా ఉండాది. కాలిన వాసన."

"కాయిలు పోయింటుంది. నేను చూస్తాలే."

"ఎప్పుడు?"

"చూస్తానంటిని కదా!"

చూస్తానన్నానా లేదా? అన్నాను. మాట ఇచ్చాక మనిషిని నమ్మాలి. ఆడి పోయి ఆవణి వచ్చింది, ఆవణి పోయి పెరటాసి వచ్చింది, అది వేరే సంగతి. నా పక్షం కూడా వినండి. ఎండలు తగ్గని ఏడాది ఇది. రోజుకు మూడు మోటార్లు వస్తున్నాయి. ఒక్కొక్క మోటారు వెనక ఒక్కొక్క తోట ఎండుతోంది. ఆ మాటే ఇంట్లో చెప్పాను.

"మనకు ఇడ్లీ లేకుంటే ఉప్మా తింటాము. నీళ్లు లేకుంటే అరటి ఏమి తినును, చెప్పు?"

"అయితే ఆ అరటితోనే కాపురం చెయ్ పో," అంది చెల్లమ్మాళ్. అని, నానబెట్టిన బియ్యం గిన్నె కొంగు చాటున పెట్టుకుని పక్కింటి రామాయి దగ్గరికి రుబ్బుకు రావడానికి వెళ్లిపోయింది. కొంగు చాటున ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు. గిన్నె చేతిలో పట్టుకుపోతే ఏమైంది?

ఇంతవరకు నేను ఓర్చుకున్నాను. గొడవ ముదిరింది పెరటాసి మూడో శనివారం దగ్గర పడ్డాక. ఆ రోజు మా ఇంట్లో దాసప్పలకు భోజనం. నామాలు పెట్టుకుని, శంఖం ఊదుకుంటూ, సేగండి గంట కొట్టుకుంటూ వస్తారు. రంగనాథస్వామికి తళిగ, అంటే నైవేద్యం పెట్టి, తర్వాత వాళ్లకు ఆకులు వేస్తాం. తళిగలో వడ లేకుండా జరగదు. ఆ వడపిండి మా ఇంటి రాతిలోనే రుబ్బాలి. బయట రుబ్బిన పిండి స్వామికి పెట్టం. మా అమ్మ పెట్టిన కట్టుబాటు అది, మా అమ్మకు వాళ్లత్త పెట్టింది.

సోమవారం పొద్దున నేను కాఫీ తాగుతుంటే చెల్లమ్మాళ్ వచ్చి ఎదురుగా నిలబడింది.

"మామా, బేస్తవారం సాయంత్రం లోపల మన గ్రైండరు తిరగాల. తిరగలేదంటే శుక్రవారం కొత్తది వచ్చును. పాతది ఎక్స్‌చేంజికి పోవును. ఇంక ఈ ఇంట్లో ఏ సామాను మీదా నువ్వు చెయ్యి పెట్టేది లేదు."

"ఎక్స్‌చేంజికా? దాని రాయి చూసినావా? అట్లాంటి రాయి ఇప్పుడు దొరుకునా?"

"రాయి మంచిదే. మోటారే చచ్చి పడుండాది. కట్టుకున్నోడు మోటారు మేస్త్రీ. ఈ కత నేను పోయి ఎవరితో చెప్పేది?"

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. గ్రైండరు పోతే పోయింది అనుకోవడానికి అది ఉత్త గ్రైండరు కాదు. ఎక్స్‌చేంజి బండి మా వాకిట్లోకి వచ్చిందంటే వీధంతా చూస్తుంది. వేలుసామి పెళ్లానికే వేలుసామి పని మీద నమ్మకం లేదంటారు. ఆ తర్వాత ఏ రైతు నాకు మోటారు ఇస్తాడు? సరే, బేస్తవారం లోపల కట్టి చూపిస్తానని పంతం పట్టాను.

మంగళవారం అన్నూరులో ఒక బోరు దగ్గర పని పడి ఆ రోజంతా పోయింది. దానికి నేనేం చేసేది?

బుధవారం పొద్దున అంగడి తెరిచాను. నా అంగడి పద్ధతి ఒకటుంది. వచ్చిన ప్రతి మోటారుకూ టోకెనుగా ఒక రేకు బిళ్ల కడతాను, దాని జోడు గోడకు తగిలిస్తాను. దాని మీద నంబరు, పేరు, ఊరు. నంబరు వరసలోనే పని. మంత్రి మోటారైనా సరే, వరస తప్పను. ఆ వేళ బెంచీ మీద నలుగురు రైతులు కూర్చున్నారు. మొదటి నంబరు ఆండియప్పది. అన్నూరు దగ్గర అరటితోట ఆయనది. మోటారు సోమవారం ఇచ్చాడు.

అప్పుడు ఒక గూడ్సు ఆటో వచ్చి అంగడి ముందు ఆగింది. ముందు సీట్లోంచి చెల్లమ్మాళ్ దిగింది. ఊరికి పోయే చీర, చేతిలో సంచి. వెనక మా ఇంటి గ్రైండరు.

ఆటో అతను గ్రైండరు దించి పోయాడు. చెల్లమ్మాళ్ నా ముందుకు వచ్చి, ఎప్పుడూ నన్ను చూడనట్టు చూసి, "ఏం మేస్త్రీ, గ్రైండరు మోటారు కాలిపోయింది. కాయిలు కట్టియ్యండి. టోకెను ఇయ్యండి," అంది.

"ఏమే, ఇదేం కూత్తు, వీధినాటకమా? ఇంటికి పో. సాయంత్రం వచ్చి చూస్తాను."

"సాయంత్రం చూస్తానని ఆడి నెల నుంచి వింటా ఉన్నాను. టోకెను లేని పని నువ్వు చెయ్యవు. అందుకే ఇంత దూరం తెస్తిని. ఇయ్యి."

అని పోయి బెంచీ మీద కూర్చుంది. ఒకరు జరిగి చోటిచ్చారు. ఇంకొకరు టీ చెప్పారు. నా అంగడిలో నా కస్టమర్లు, నా పెళ్లానికి టీ!

ఆండియప్ప గ్రైండరు వైపు చూసి, నా వైపు చూశాడు.

"ఏం వేలుసామీ, అమ్మిణి గ్రైండరు ఎన్ని దినాలుగా పడుండాది?"

"కొన్ని దినాలే," అన్నాను.

"రెండు నెలలు దాటిపాయె," అంది చెల్లమ్మాళ్.

"అయ్యయ్యో! నా మోటారు ఒక్క దినం ఆలస్యమాయెనని నిన్నంతా నిన్ను ఫోన్లో తిడితిని. ఈ అమ్మి రెండు నెలలుగా ఓర్చుకునిందే!"

"ఆయమ్మకేం తెలుసు అణ్ణా, ఇంట్లో..."

"నువ్వు సుమ్మా ఉండు, మాట్లాడొద్దు. నా నంబరు ఈ అమ్మికి ఇచ్చేయి. నా అరటి ఇంకో దినం ఓర్చుకుంటాది."

నేను ఒప్పుకోలేదు. వరస తప్పదు అన్నాను. "వరస ఏడ తప్పుతుంది? నా నంబరు నేను ఇస్తా ఉన్నాను, నీదా?" అన్నాడాయన. బిళ్ల విప్పి గ్రైండరుకు కట్టక తప్పలేదు. పాత పేరు చెరిపి, కోపంగానే అడిగాను.

"పేరు?"

"చెల్లమ్మాళ్."

"ఊరు?"

"అది కూడా మరిచిపోయినావా?" అంది. బెంచీ అంతా నవ్వింది.

ఆ రోజు పని చేస్తూ నేను పడ్డ అవమానం ఇంకెవరికీ వద్దు. కాలిన కాయిలు కోసి తీస్తున్నాను, వెనక ఆమె మాటలు. ఐదేళ్ల కింద నేను ఫ్యాను విప్పి మళ్లీ బిగించినప్పుడు మూడు స్క్రూలు మిగిలాయట. కుక్కరు పిడికి నేను సైకిలు ట్యూబు చుట్టానట. ఇస్త్రీపెట్టె నేను బాగు చేశాక, షాకు కొడుతుందని కర్రతో స్విచ్చి వేస్తోందట. నాకు ఒళ్లు మండిపోయింది.

"స్క్రూలు మిగిలినా ఫ్యాను తిరగతానే ఉండాది కదే!"

"తిరగతాది. దాని కింద పండుకునేదానికే భయం," అంది. రైతులు పని మానుకుని విన్నారు.

చెయ్యి ఎక్కడుందో, మనసు ఎక్కడుందో. ఎలాగో కాయిలు చుట్టి, దించి, వార్నిష్ పోసి, బల్బు వెలుగులో ఆరబెట్టాను. రేపు మధ్యాహ్నం వచ్చి చూసుకోమన్నాను. మేస్త్రీ కస్టమరుకు చెప్పినట్టే చెప్పాను.

బేస్తవారం మధ్యాహ్నం వచ్చింది. ఉత్త చేతులతో రాలేదు. ఒక గిన్నెలో నానిన మినప్పప్పు.

"ఇదెందుకే?"

"నువ్వు స్విచ్చి వేసి తిరిగింది చూడు అందువు. నేను రుబ్బి చూసి ఎత్తుకుపోదును."

సరే, నేనూ తగ్గలేదు. ఆండియప్ప తన మోటారు కోసం వచ్చి ఉన్నాడు, మిగతావాళ్లూ ఉన్నారు. అందరి ముందూ గ్రైండరు నడిమధ్య పెట్టి, పప్పు వేసి, నీళ్లు చల్లి, "ఇప్పుడు చూడండి, వేలుసామి కట్టిన కాయిలు ఎట్లా పాడుతుందో," అని స్విచ్చి వేశాను.

పాడింది. చప్పుడులో ఏ కొరతా లేదు. కాని పిండి లోపలికి పోవాల్సింది, అంచు ఎక్కి బయటికి వచ్చింది. పిండిని తోసే పలక దాన్ని రాతి కిందికి నెట్టకుండా ఎత్తి బయటికి విసురుతోంది. మొదటి ముద్ద నా చొక్కా మీద. రెండోది మీసం మీద. స్విచ్చి ఆపే లోపల మూడోది గోడ మీద కాలెండరుకు.

ఆండియప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అప్పా, ఎదురుదిక్కున తిరగతా ఉండాది! నా బోరు మోటారు ఇట్లా తిరిగుంటే నీళ్లు పైకి వచ్చుండునా?"

తోటలో మోటారు పెట్టుకున్న ప్రతివాడికీ తెలిసిన తప్పు అది. స్టార్టింగ్ కాయిలు కొసలు రెండూ తారుమారు చేశాను. ఇరవై ఏడేళ్లలో ఒక్కసారి కూడా చేయని తప్పు. ఎవరి వల్ల? బెంచీ మీద కూర్చుని ఇస్త్రీపెట్టె కత చెప్పింది ఎవరు?

"రెండు నిమిషాలు," అన్నాను.

"ఆడి నెలలో కూడా రెండు నిమిషాలే అంటివి," అంది చెల్లమ్మాళ్. కాని గడియారం మీద చూపు పెట్టి ఆగింది. సాయంత్రం కావడానికి ఇంకా టైముంది కాబట్టి ఆగింది. నా మీద దయ కాదు.

వైర్లు రెండూ విప్పి మార్చి కట్టాను. మిగిలిన పప్పు వేసి స్విచ్చి నొక్కాను. ఈసారి రాయి సరిగ్గా తిరిగింది. పిండి లోపలికి పోయి, వచ్చి, పోయి, నురగ కట్టింది. చెల్లమ్మాళ్ రెండు వేళ్లతో తీసి రాసి చూసింది. గిన్నెలో నీళ్లు పోసి చిటికెడు పిండి వేసింది. తేలింది.

"బాగుండాది," అంది.

నా చెవులతో విన్నాను. నలుగురు సాక్షులు. మీసం మీద పిండి తుడుచుకుని నేను గొంతు పెంచాను.

"బేస్తవారం సాయంత్రం ఇంకా కాలేదు. కొత్త గ్రైండరు చెప్పిపెట్టినావు కదా? ఆ అంగడోడికి వద్దని చెప్పు. ఇప్పుడే, అందరి ముందే చెప్పు."

"గెలిచింది నువ్వు కదా మామా. నువ్వే చెప్పు," అని ఫోను కలిపి నా చేతిలో పెట్టింది.

మేట్టుపాళయం రోడ్డులో సామాన్ల అంగడి పెట్టుకున్న నవనీతకృష్ణన్. దూరపు చుట్టమే. అందరూ వినాలని స్పీకరు పెట్టాను. అది నా బుద్ధి తక్కువ.

"తమ్ముడూ, వేలుసామిని. మా ఇంటికి గ్రైండరు వద్దు. మన కాయిలు మనమే కట్టుకుంటిమి."

"సంతోషం మామా! అత్తకు నేను ఆడి తళ్లుబడిలోనే, ధర తగ్గించి అమ్మేటప్పుడే చెప్తిని, నచ్చింది ఎత్తుకుపో, తర్వాత చూస్తాము అని. విన్లేదే! మీ మామ కట్టుతాడు, మేస్త్రీ ఇంటికి కొత్త గ్రైండరు దిగిందంటే ఊరు ఏమనును అనింది. ఐదు సారి వచ్చింది. ఐదు సారి చూసి, అట్లే తిరిగిపాయె."

నేను చెల్లమ్మాళ్ వైపు చూశాను. ఆమె గ్రైండరులో పిండి తోడుతోంది. బియ్యం గిన్నె కొంగు చాటున ఎందుకో అప్పుడు తెలిసింది నాకు. తెలిశాక కోపం ఇంకా ఎక్కువైంది. ఆ మాట నాతో ఒక్కసారి చెప్పొచ్చు కదా? ఐదు సార్లు అంగడికి పోయే టైముంది, నాకు చెప్పే టైము లేదా?

"మామా, లైనులో ఉన్నావా? గ్రైండరు వద్దు, సరి. మిక్సి పంపేదా?"

"ఏ మిక్సి?"

"అత్త చెప్పిన మిక్సి."

ఫోను మీద చెయ్యి మూశాను. "మిక్సి ఎప్పుడు చెడిందే?"

"ఆవణిలో. చెప్తిని. నువ్వు ఊఁ అంటివి."

"చట్నీ చేస్తానే ఉన్నావు కదా?"

"సన్నికల్లు మీద నూరతా ఉన్నాను. రెండు పూటలూ తినిన మనిషికి తెలియలేదా?"

మిక్సి నాకొక లెక్కా? అరపూట పని. బిళ్ల కోసం గోడ మీదికి చెయ్యి చాచాను. అక్కడ వరసగా నంబర్లు వేలాడుతున్నాయి. ఒక్కొక్క నంబరు వెనక ఒక్కొక్క మోటారు, ముందు ఆండియప్పది. మిక్సికి నంబరు కడితే కార్తీకంలో వస్తుంది. ఆండియప్ప నన్నే చూస్తున్నాడు.

"ఇంకోసారి నా నంబరు ఇయ్యలేనప్పా," అన్నాడు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"పంపు తమ్ముడూ," అన్నాను ఫోనులో. చెల్లమ్మాళ్ పిండి తోడడం ఆపి తలెత్తింది. ఆ మాట నా నోట్లోంచి రావడం పెళ్లయ్యాక అదే మొదలు.

శుక్రవారం మిక్సి వచ్చింది. అట్టపెట్టె నేనే లోపలికి మోసుకొచ్చాను. వీధిలో ఎవరు చూశారో నాకు తెలియదు, నేను తల తిప్పలేదు. వంటింట్లో గ్రైండరు తిరుగుతోంది, శనివారం వడలకు పప్పు నురగ కడుతోంది. చెల్లమ్మాళ్ అటు తిరిగి ఉంది. నేను మిక్సిని బోర్లించి స్క్రూడ్రైవరు తీశాను. చెడగొట్టేందుకు కాదు. కొత్త సామాను లోపల కాయిలు ఎలా కట్టారో ఒకసారి చూడకుండా మనిషి ఎలా ఉంటాడు?

వెనక నుంచి చెయ్యి వచ్చి స్క్రూడ్రైవరు లాక్కుంది.

"ఇది చెడనీ మామా. చెడినాక విప్పుదువు."

న్యాయమేనా ఇది? వారమైంది. రోజూ పొద్దున చట్నీ వేళకు నేను వంటింటి వాకిట్లో నిలబడి దాని చప్పుడు వింటున్నాను. ఇంకా చెడలేదు.