కావలి వంతులు

"జ్వరమని చెప్పు," అన్నాడు రాజలింగు గోడవైపు తిరిగి పడుకునే.

భూదేవి బియ్యం చేట పక్కన పెట్టి వాకిట్లోకి వచ్చింది. యూనివర్సిటీలో ఆయనతోపాటు డిమాన్‌స్ట్రేటరుగా చేసే దానియేలు సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమ్మా, మావాడికి ఇంకా తగ్గలేదా?"

"జ్వరం అన్నా."

"మొన్న కడుపునొప్పన్నావు గదమ్మా," అని నవ్వాడు. మళ్లీ అడగలేదు.

అబద్ధం చెప్పడం కూడా ఇంటిపనుల్లో ఒకటైపోయింది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో క్లాసులు మూతబడ్డప్పుడు ఆయన ఇంట్లో ఉంటే ఎవరూ ఏమీ అనుకోలేదు. తార్నాకలో సగంమంది మగవాళ్లు అప్పుడు ఇంట్లోనే ఉన్నారు. క్లాసులు తెరిచారు గానీ ఆయన మంచం దిగలేదు. మొదట గడ్డం గీసుకోవడం మానేశాడు, తర్వాత పేపరు చదవడం, తర్వాత మాట్లాడటం. అన్నం పెడితే ముద్ద కలిపి, ఆ ముద్దనే చూస్తూ కూర్చునేవాడు. దానికి కారణం అత్త బుచ్చవ్వ మొదట్లోనే కనిపెట్టింది. "కూరల ఉప్పు లేకుంటే మొగోడు ఎట్ల తింటడే?" కొన్నాళ్లకు ఉప్పు పోయి ముఖం వచ్చింది. "ఇంట్ల ఆడది నవ్వుతుంటే మొగోనికి రందెందుకుంటది? నీ మొఖం ఎన్నడన్న అద్దంల చూసుకున్నవా?" అందుకని భూదేవి నవ్వడం కూడా నేర్చుకుంది. తెల్లవారకముందే లేచి నీళ్లు పట్టి, పొయ్యి ముట్టించి, బట్టలుతికి, నవ్వేది. రాత్రంతా ఆయన ఊపిరి వింటూ పడుకునేది. కునుకు వస్తే గిల్లుకునేది.

ఒక పొద్దున ఆయన తనంతట తనే లేచి స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. "చూసినవా, మొక్కుకున్న, లేచిండు నా కొడుకు," అని బుచ్చవ్వ సంబరపడింది. భూదేవి మాత్రం చేతిలో పని వదిలేసి ఆయన్నే కనిపెట్టి చూసింది. ఆయన చేతిగడియారం విప్పి గూట్లో పెట్టి, "ఊళ్లె ఉన్న తమ్మునికియ్యి," అన్నాడు. ఎన్నడూ లేనిది, తల్లి ముందు నిలబడి ఆమెనే కాసేపు చూశాడు. ఇన్నాళ్లూ ముఖం మీద ఉన్న దిగులు ఆ పూట లేదు. అది ఎటు పోయిందో భూదేవికి అర్థంకాలేదు.

ఆ ఇంట్లో బయలుదేరిన మగవాణ్ణి ఎక్కడికని అడగకూడదు, అపశకునం. 'దూరమా?' అనాలి. ఎంత దూరం పోతున్నా ఆయన 'గీడికే' అనాలి. పెళ్లయిన నాటినుంచీ భూదేవి అదే అడిగింది, అదే విన్నది.

"యాడికి పోతున్నవ్?" అంది.

బుచ్చవ్వ చేతిలో చెంబు ఆగింది. "ఏందే! గడప దాటేటోన్ని యాడికి అంటవా? బుద్ధున్నదా నీకు?"

"అత్తమ్మా, జర ఆగు." భూదేవి ఆయన చెయ్యి పట్టుకుంది. "చెప్పు. చచ్చిపోదామనుకుంటున్నవా?"

ఆ మాట నోటితో అంటే నిజమైపోతుందని ఇన్నాళ్లూ మింగింది. అనేసింది. రాజలింగు గడపమీద కూలబడ్డాడు.

"నీకెట్ల ఎరుక?" అన్నాడు. "గా ఆలోచనొచ్చి శాన రోజులాయె," అని ఒప్పుకున్నాడు. "ఎవ్వరికి చెప్పకు. ఇజ్జత్ పోతది."

"ఇజ్జత్ పోనీ. నువ్వుండు."

ఆ చెయ్యి వదలకుండానే యూనివర్సిటీ దవాఖానకు నడిపించుకుపోయింది. డాక్టరు ఆయన్ని లోపల కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. ఇది జబ్బేననీ, నయమవుతుందనీ చెప్పి, మర్నాడే చూపించుకొమ్మని మనోవ్యాధుల డాక్టరుకు చీటీ రాసిచ్చాడు. కుదుటపడేదాకా ఒంటరిగా వదలొద్దన్నాడు. తర్వాత భూదేవి వైపు తిరిగాడు.

"ఇక అంతా నీ చేతుల్లోనే ఉందమ్మా. రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండాలి. నవ్వుతూ, ధైర్యంగా ఉండాలి."

అలవాటుగా తల ఊపబోయి ఆగిపోయింది భూదేవి.

"నా ఒక్కదాని చేతుల్ల పెట్టకుండ్రి సారు. నాకు నిద్రొస్తే ఏమైతది? మా ఊళ్లె చేను కావలి గూడ వంతులతోటే కాస్తరు. ఒక్కడే కాస్తే తెల్లారేటాల్లకు కునుకు తీస్తడు, పందులు పడ్తయి."

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నేలచూపులు చూస్తున్న రాజలింగు పెదవి ఓ పక్కకు కొంచెం కదిలింది.

"మీకెవరున్నారమ్మా మరి?"

"చెప్తే ఉంటరు. ఇన్నొద్దులు చెప్పలే."

దానియేలుకు వాకిట్లోనే చెప్పింది. "జ్వరం కాదన్నా," అని మొదలుపెట్టి అంతా చెప్పేసింది. అతను సైకిలు గోడకు ఆనించి లోపలికి వచ్చాడు. "సాయంత్రాలు నాకొదిలెయ్యమ్మా," అని, మంచం మీదున్నవాడితో, "చదరంగంలో నన్ను ఓడించి పడుకుంటావేంట్రా? లే, నా పగ తీరాలి," అన్నాడు.

గడప దగ్గర కొడుకు మాట విన్న బుచ్చవ్వకు అది జబ్బేనని చెప్పడమే కష్టమైంది. విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మందులకు పోతదా గది?"

"పోతదన్నరు. జర టైం పడ్తది. పొద్దటి వంతు నీది అత్తమ్మా. నేను పండుకుంట."

"పొద్దుగాల పండుకుంటవా? వంటెవరు చేస్తరే?"

"నువ్వు చెయ్యి. నీ కొడుకు కూరగాయలు కోస్తడు."

బుచ్చవ్వ కొడుకు ముఖం చూసి లేచింది. కాసేపటికి వంటింట్లో కత్తిపీట చప్పుడు, తల్లి గొణుగుడు, మధ్యమధ్య కొడుకు ముక్తసరి జవాబులు వినిపించాయి. "వంకాయ గంత పెద్దగ కోస్తరా? నీకెవలు నేర్పిండ్రు?" భూదేవి చాప పరుచుకుని వంటింటికి వీపు పెట్టి పడుకుంది. ఆయన ఏమన్నాడో చెవి ఒగ్గి వినలేదు. ఇప్పుడు వినాల్సిన వంతు ఆమెది కాదు.

ఆమె నిద్రపోయింది.