కొంగలున్న చోట

ఆ రంగుల డబ్బా చూస్తే జోగయ్యకి నవ్వాగలేదు. అరచేతిలో పట్టే రేకు డబ్బా, అందులో ఎండిపోయిన చాక్లెట్ ముక్కల్లాంటి రంగు బిళ్ళలు, చెవిలో గుమిలి తీసుకోడానికి సరిపోయే బ్రష్షు. దుబాయ్ వచ్చిన నాటి నుంచి గోడలకి రంగులేసి, వేయించి, ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషాయన. అల్ కుసైస్‌లో తన చెయ్యి పడని బిల్డింగ్ లేదని ఆయనే చెప్పుకుంటాడు. అలాంటివాడి పెళ్ళాం మాణిక్యాంబ, కొడుకింట్లో భోజనాల బల్ల మీద గ్లాసెడు నీళ్ళు పెట్టుకుని వాటర్ కలర్ నేర్చుకుంటోంది!

"ఏమే, ప్రైమర్ కొట్టావా?"

"దీనికి ప్రైమరుండదు."

"పోనీ పుట్టీ?"

"ఉండదన్నాను కదా."

"అయితే అది పెయింటింగ్ కాదే. కళ్ళాపి."

కోడలు సత్యకుమారి వంటగదిలోంచి కిసుక్కున నవ్వింది. మాణిక్యాంబ బ్రష్షు నీళ్ళలో ముంచింది.

తెలుగువాళ్ళ ప్రార్థన జరిగే హాల్లో శనివారాలు స్నిగ్ధ అనే హైదరాబాద్ పిల్ల ఆడవాళ్ళకి ఈ విద్య నేర్పుతోంది. ఆ పిల్లన్నా జోగయ్యకి చులకనే. నీళ్ళెక్కువ, రంగు తక్కువ వాడమని చెప్పే టీచరు ఏం టీచరు? సైట్లో ఆ పని చేస్తే ముదీర్, అదే మేనేజరు, ఆ పూటే ఖలాస్ అని పంపించేసేవాడు.

మొదట్లో మాణిక్యాంబ వేసిన కాగితాలు తడిసి అప్పడాల్లా లేచిపోయేవి. ఆకాశం కారి చెరువులో పడేది. ప్రతిదానికీ జోగయ్య వెనకాల నిలబడి, చేతులు కట్టుకుని, "లీకేజీ" అనేవాడు. ఆవిడ కాగితం పక్కన పడేసి ఇంకోటి తీసుకునేది.

ఎందుకంటే ఆదివారం కోతల పండగ. నేర్చుకున్న ప్రతి మనిషీ ఒక బొమ్మ తేవాలి, కింద పేరు రాసి హాలు గోడకి పెడతారు. మాణిక్యాంబ సముద్రం ఒడ్డునున్న కల్బా ఊరు వేస్తానంది. ఆయన ఇక్కడ లేబర్ క్యాంపులో ఉన్న రోజుల్లో ఆవిడ అక్కడ ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసింది. ఆ వంటింటి కిటికీలోంచి సముద్రపు పాయ, మడ చెట్లు, వాటి మీద కొంగలు కనపడేవి. ఊరు చూడలేదు, వీధి చూడలేదు. చూసిందల్లా ఆ కిటికీ.

"ఆ కొంగలు లేపోతే నేనక్కడ బతికినట్టే కాదే" అంది కోడలితో. ఆ మాట జోగయ్య చెవిన పడింది గానీ లోపలికి పోలేదు. టీవీలో క్రికెట్ వస్తోంది.

శనివారానికి బొమ్మ పూర్తయింది. ఫ్యాను కింద ఆరబెట్టి, అత్తాకోడళ్ళిద్దరూ ఫ్రేము కొనడానికి వెళ్ళారు. జోగయ్య వంగి చూశాడు. చెట్లు, నీళ్ళు, అంతా ఆకుపచ్చ. బాగానే ఉందని ఒప్పుకోబోయాడు కూడా. అంతలో కంటికి తగిలాయి, అక్కడక్కడ తెల్లటి మచ్చలు. రంగు పడని చోట్లు!

"పని పూర్తి కాకుండానే వదిలేసి పోయింది. నాకు తెల్సు ఇలాగే చేస్తదని."

బిల్డింగ్ అప్పజెప్పే ముందు గోడ గోడా లైటు పెట్టి వెతికి, కుర్రాళ్ళు వదిలేసిన మచ్చల మీద టచప్ చేయించడం ఆయన ఉద్యోగం. ఆ బ్రష్షు తీసి, ఆకుపచ్చ కలిపి, అంచులు కలిసేలా నింపాడు. ఒక్కటి వదల్లేదు. దూరంగా జరిగి చూసుకుని, మీసం దువ్వుకున్నాడు.

ఫ్రేముతో వచ్చిన మాణిక్యాంబ బల్ల దగ్గర ఆగిపోయింది.

"కొంగలేయి?"

"ఏం కొంగలు?"

"ఇక్కడ తెల్లగా ఉన్నయ్యి కదయ్యా!"

"రంగు పళ్ళేదని టచప్ చేశా."

"ఆ తెలుపే కొంగలు! దీంట్లో తెలుపు ఎయ్యరు, వదిలేత్తారు. ఆ కాగితమే తెలుపు. ఒకసారి పోతే మళ్ళీ రాదు."

"ఓస్, ఇంతేనా? గీకితే వచ్చేద్ది."

గడ్డం బ్లేడు తెచ్చి గీకాడు. ఎలాంటి గోడనైనా గీకి మళ్ళీ కొత్తగా చేసిన చెయ్యి. కొంగ రాలేదు గానీ, కన్నం పడి కింద బల్ల కనిపించింది.

"కాగితం నాసిరకం" అన్నాడు జోగయ్య.

మాణిక్యాంబ ఏడవలేదు, తిట్టలేదు. "సత్యా, ఫ్రేములో పెట్టెయ్యి. పేరు ఏం రాయాలో నే సెప్తాను" అంది. గొడవ తేలిగ్గా పోయిందనుకుని జోగయ్య పండక్కి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.

ఆదివారం హాలు నిండుగా ఉంది. గోడ మీద ద్రాక్షగుత్తులు, వరికంకులు, పావురాలు. వాటి మధ్య కన్నంతో సహా కల్బా. దాని కింద కోడలి గుండ్రటి అక్షరాల్లో: జోగయ్య.

సంఘపెద్ద నాగేంద్రబాబు కళ్ళజోడు సవరించుకున్నాడు. "అన్నయ్యగారూ, తవరు కూడా మొదలెట్టారా! ఏంటండి ఇది, బీరపాదాండీ?"

చుట్టూ నవ్వులు. ఎవరో పిల్ల కన్నంలో వేలు పెట్టింది. "తాతగారూ, ఇదేంటి? తలుపా?"

జోగయ్య పెళ్ళాన్ని రెక్క పట్టుకుని పక్కకి లాగాడు. "పేరు తీయించవే."

"ఎందుకు? ఆకరి కోటు ఎవురేత్తే పని ఆళ్ళదేనని నువ్వే అంటావు కదా."

"పరువు పోతంది."

"నా కొంగలు కూడా పోయినయ్యి."

నాగేంద్రబాబు వదిలేలా లేడు. "చెప్పండి అన్నయ్యగారూ, బీరపాదేనా?"

ఏ ఇన్‌స్పెక్టర్ ముందూ, ఏ గోడ దగ్గరా తప్పు ఒప్పుకోని జోగయ్య నేల చూపులు చూశాడు.

"కల్బా అండి. మా ఆవిడ ఏసింది. దీంట్లో కొంగలున్నయ్యండి. నేను కప్పేశాను."

మాణిక్యాంబ ఆయన వంక చూడకుండానే అంది:

"గట్టిగా సెప్పు. ఎనకాలోళ్ళకి ఇనపళ్ళేదు."