నేను చెప్పిన పేరు

నేను ఒక లాప్‌టాప్‌ని. ఏ దేశపు కర్మాగారంలో బిగించారో తెలియదు. నాకు గుర్తున్న మొదటి చేతులు పుండరీకాక్షం గారివి. విశ్వవిద్యాలయంలో గణితం చెప్పేవారు. తన పేరు రాసిన కాగితం ముక్కను నా మూత మీద అంటించుకున్నారు.

రోజూ తన గదిలో ఆయన నన్ను తెరవగానే, క్యాంపస్ వైఫైకి ఆయన పేరూ పాస్‌వర్డూ నేనే చెప్పేదాన్ని. వెంటనే లోపలికి రానిచ్చేది. ఆ పాస్‌వర్డ్ ఆయనకు ఏనాడూ గుర్తుండేది కాదు. నాలో దాచకముందు ఇంటికి ఫోన్ చేసి, "సుభా, అదేంటో చెప్పు" అని భార్యను అడిగేవారు. మనుషులు తమ జ్ఞాపకాలను ఇలా ఇంకొకరి దగ్గర పెట్టి నిశ్చింతగా తిరుగుతారు.

ఒక మధ్యాహ్నం పాఠం మధ్యలో ఆయన కుప్పకూలారు. ఆ తరువాత నేను బీరువాలో, ఆయన పంచెల కింద ఉండిపోయాను.

మళ్లీ వెలుగు చూసేసరికి సుభాషిణి గారు అదే విశ్వవిద్యాలయంలో, పరీక్షల విభాగంలో ఉద్యోగి. భర్త పోయినందుకు ఇచ్చిన కారుణ్య నియామకం. కంప్యూటర్ పరీక్ష నెగ్గితేనే అది నిలుస్తుంది. ఆ సాయంత్రంతో గడువు ఆఖరు. పరీక్ష క్యాంపస్ వైఫైలో తప్ప తెరుచుకోదు. ఆఫీసు కంప్యూటర్లన్నీ ఫలితాల పనిలో ఉన్నాయని ఆమె నన్ను తెచ్చుకున్నారు.

నేను అలవాటుగా ఆయన పేరే చెప్పాను. వైఫై ఒప్పుకోలేదు. ఆమె తనకు కంఠతా వచ్చిన పాస్‌వర్డ్ కొట్టారు. మళ్లీ కొట్టారు. కాదంది.

"ఏమ్మా, పుండరీకాక్షం గారి మిసెస్సూ! ఇంకా లోపలికే పోలేదా?" అన్నారు సూపరింటెండెంట్ వామనమూర్తి గారు. "చేతకాకపోతే చెప్పెయ్. ఈ కుర్చీ కోసం బయట చాలామంది కాచుక్కూచున్నారు."

పక్క బల్ల నుంచి నూర్జహాన్ లేచి వచ్చింది. "ఆయన మాటలకేంగానీ, ఏం కొడుతున్నారక్కా?"

"మీ సార్‌దే. తప్పు పోయే పనే లేదు. ఎన్నిసార్లు చెప్పానో ఫోన్లో."

నూర్జహాన్ పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది. "సార్ పేరు ఎప్పుడో తీసేశారక్కా. మీరు చేరినప్పుడు మీ పేరు మీద ఒక పాస్‌వర్డ్ ఇచ్చారుగా?"

"అది జీతానికనుకున్నా."

"దీనికే. ముందు ఇందులోంచి సార్ పేరు తీసెయ్యాలి. లేకపోతే ఇది ఆయన్నే చెబుతూ ఉంటుంది."

"నువ్వు తీసెయ్యమ్మా."

"నాకు చెయ్యి రాదక్కా. రోజూ నమస్తే పెట్టిన మనిషి."

సుభాషిణి గారి వేలు నా మీద చాలాసేపు ఆగింది. తరువాత నొక్కారు.

ఆయన పేరున్న చోటు నాలో ఖాళీ అయింది. కొత్తవాళ్లను అడిగినట్టు వైఫై, ఎవరని అడిగింది. గ్యాసు కనెక్షన్, కరెంటు మీటరు, ఇంటి పన్ను, అన్నీ భర్త పేరు మీదే నడిచిన ఇంటి మనిషి ఆమె. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ తన పేరూ, చేరినప్పుడు ఇచ్చిన పాస్‌వర్డూ కొట్టారు. ఈసారి రానిచ్చింది.

"ఏం, వచ్చిందా?" వామనమూర్తి గారు తలెత్తకుండానే అడిగారు.

"వచ్చిందండీ. నా పేరు సుభాషిణండీ," అన్నారామె, పరీక్ష తెరుస్తూ.

ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు నేను రోజూ ఆమె పేరే చెబుతున్నాను. మొదట్లో నాకే కొత్తగా ఉండేది. నా బ్యాటరీ ఎక్కువసేపు ఆగడం లేదు, మూత కీలు వదులైంది. స్టోర్ రూమ్‌లో మూలపడే రోజు ఎంతో దూరంలో లేదని తెలుసు. సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు ఆమె కొంగుతో నన్ను తుడుస్తారు. మూత మీది కాగితం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి పక్కకు తిప్పుకుంటారు. దాని మీద అక్షరాలు ఇప్పటికే సగం పోయాయి.