మిస్త్రీ అనే పిలుపు

మొదటి సైరన్ కూసేసరికి నూకయ్య రైల్వే కార్ఖానా గేటు దగ్గర బోర్డు మీద తన మేకునుంచి ఇత్తడి హాజరుబిల్ల తీసి జేబులో వేసుకుంటున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా పొద్దున తీయడం, సాయంత్రం తగిలించడం. బిల్ల మీది అంకె సగం అరిగిపోయింది. అతని వాలకమూ అంతే. బక్కపలచటి మనిషి, కడ్డీలు మోసి మోసి ఎడమ భుజం కుడిదానికంటే రెండు వేళ్ళు కిందికి దిగింది. బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తిదెబ్బకి నల్లబడి, మళ్ళీ తెల్లబడలేదు.

గేటు లోపల కుక్క కూర్చుని ఉంది. గోధుమరంగు ఊరకుక్క, ఒక చెవి చిరిగింది. వచ్చినవాడికల్లా తోక ఊపుతోంది. వచ్చినవాడల్లా వంగి దాని తల నిమురుతున్నాడు.

"క్యా మిస్త్రీ, ఠీక్ హై?"

"ఏటి మిస్త్రీగోరూ, రేతిరి నిద్దర పట్టినాదా?"

కుక్క నూకయ్యకీ తోక ఊపింది. రోజూ ఊపుతుంది. సిగ్గులేని జాతి అనుకుని అతను తల తిప్పుకుని పోయాడు.

ఆ పేరు పెట్టింది ఫోర్‌మన్ దత్తబాబు. రెండేళ్ళ కిందట వానకి తడిసి వ్యాగన్లు తయారుచేసే షాపులో దూరిన కుక్కపిల్ల, నట్లూ బోల్టులూ ఒక్కొక్కటే వాసన చూస్తూ తిరుగుతుంటే, "చూడండ్రా, మిస్త్రీ వచ్చి పని తనిఖీ చేస్తున్నాడు" అన్నాడట. అంతే, పేరు అంటుకుపోయింది. ఆ సమయానికి నూకయ్య స్టోరుకి వెళ్ళి ఉన్నాడు. కడ్డీ భుజాన వేసుకుని తిరిగివస్తుంటే వెనకనుంచి ఫోర్‌మన్ గొంతు వినబడింది.

"ఓ మిస్త్రీ, ఎసో!"

కడ్డీలు మోసే ఖలాసీగా చేరి అప్పటికి ఇరవై ఆరేళ్ళు. మిస్త్రీ పనికి పెట్టే చేతిపని పరీక్ష మూడుసార్లు తప్పి, నాలుగోసారి ఇచ్చి ఫలితం కోసం చూస్తున్నాడు. తననే రమ్మంటున్నాడు, ఆర్డరు వచ్చిందనుకున్నాడు. కడ్డీ కింద పెట్టి, చేతులు నిక్కరుకి తుడుచుకుని, "జీ బాబూ" అని తిరిగాడు. ఫోర్‌మన్ చేతిలో బిస్కట్టు ఉంది. నూకయ్య కాళ్ళ మధ్యనుంచి దూరి కుక్కపిల్ల పరుగెత్తింది. షాపు షాపంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వనివాడు ఆ రోజు లేడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, నాలుగోసారి కూడా తప్పినట్టు వారానికి కాగితం వచ్చింది. ఆనాటినుంచి నూకయ్య ఆ కుక్కను ఏ పేరుతోనూ పిలవలేదు.

మనిషికి మనిషి మీద అసూయ ఉంటే లోకం అర్థం చేసుకుంటుంది. తన తర్వాత పదేళ్ళకి చేరి మిస్త్రీ అయిన గణపతిరావు మీద ఏడుస్తున్నాను అంటే వినేవాడు ఉంటాడు. కుక్క మీద ఏడుస్తున్నాను అని ఎవరితో చెప్పుకోవడం? ఇంట్లో పెళ్ళాం చిట్టెమ్మతో కూడా చెప్పలేదు.

దాని మహిమ కూడా తక్కువది కాదు. అది రాకముందు టీ వేళకి బెంగాలీలు ఒక మూల, బీహారీలు ఒక మూల, మన తెలుగువాళ్ళు ఒక మూల. ఇప్పుడు అది ఎక్కడ పడుకుంటే అక్కడే అందరూ చేరి, దాని కబుర్లతో మొదలుపెట్టి ఇళ్ళ కష్టాలదాకా చెప్పుకుంటున్నారు. దత్తబాబు తిట్టు నోటిదాకా వచ్చేసరికి అది వెళ్ళి ఆయన బూటు మీద తల పెడుతుంది, తిట్టు ఆగిపోతుంది. ఇవన్నీ నూకయ్య చూశాడు, మంచే జరుగుతోందని ఒప్పుకున్నాడు, ఒప్పుకున్నందుకు ఇంకా మండిపడ్డాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో తనవల్ల ఈ షాపులో ఒక్క తిట్టయినా ఆగిందా?

ఆ రోజు టీ వేళకి గణపతిరావు ఒక కొత్త ఇత్తడి బిల్ల తెచ్చాడు. తుక్కు ముక్కని గుండ్రంగా కోసి, మెరుగుపెట్టి, ఉలితో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి, తాడుతో కుక్క మెడకి కట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నూకయ్యకి చదువు రాదు. కాని రెండు మాటల ఆకారాలు గుర్తుపడతాడు. ఒకటి విజయనగరానికి రైల్వేవాళ్ళు వ్యాగన్ల మీద రాసే మూడక్షరాలు. రెండోది నోటీసుబోర్డు మీద తన పేరు పక్కన ఇన్నేళ్ళు వెతికిన మాట. అది ఇప్పుడు కుక్క మెడలో వేలాడుతోంది.

"ఎలాగున్నాది నూకయ్యన్నా?" అన్నాడు గణపతిరావు.

"బాగున్నాది" అన్నాడు నూకయ్య.

మధ్యాహ్నం అందరూ అన్నాలకి చెట్లకిందికి వెళ్ళారు. పొద్దున అతని చేతులమీదుగానే రివిట్లు వేసి ముగించిన మూతవ్యాగన్ ఒకటి బయటి పట్టాల మీద ఇంజను కోసం నిలబడి ఉంది. దాని పక్క గోడమీద సుద్దముక్కతో ఆ మూడక్షరాలు రాసి ఉన్నాయి. నూకయ్య వాటిని చాలాసేపు చూశాడు. మిస్త్రీనయ్యాకే సొంతూరు విజయనగరంలో అడుగుపెడతానని అక్క జోగమ్మ దగ్గర ఒట్టువేసి వచ్చి పదకొండేళ్ళయింది. అక్క ఈ మధ్య ఉత్తరాలు కూడా మానేసింది.

టిఫిన్ డబ్బా విప్పి, ఎండుచేప వేపుడు చేతిలోకి తీసుకుని, వ్యాగన్ తలుపు దగ్గర నిలబడ్డాడు. కుక్క దూరంగా పడుకుని ఉంది. ఈల వేశాడు, చెవి కూడా కదపలేదు. "చ్చొ చ్చొ" అన్నాడు. లేవలేదు. దానికి తెలిసిన పిలుపు ఒక్కటే. నూకయ్య అటూ ఇటూ చూశాడు.

"మిస్త్రీ" అన్నాడు మెల్లగా. "రండి మిస్త్రీగోరూ."

ఒక్క ఉదుటున వచ్చేసింది. ఎత్తి లోపల పెట్టాడు. చేప ముట్టుకోలేదు, ముందు అతని నల్లగోరు నాకింది. రెండేళ్ళుగా తోక ఊపుతున్నందుకు ఇవాళ పలికాడని కాబోలు, ఒళ్ళంతా ఊగిపోయింది. నూకయ్య చెయ్యి లాక్కుని చేపా అన్నమూ అంతా కుమ్మరించి, డబ్బామూతలో నీళ్ళు పోశాడు. మెడలో బిల్ల తాడు విప్పి జేబులో వేసుకున్నాడు. ఆ మాటని మాత్రం పోనివ్వలేకపోయాడు. గాలి ఆడేలా బెత్తెడు సందుంచి తలుపు లాగి, కదలకుండా గొళ్ళేన్ని తీగతో కట్టాడు.

మూడింటికి ఇంజను వచ్చి వ్యాగన్‌ని తగిలించుకుని పోయింది. సుత్తుల చప్పుడులో ఎవరికీ ఏమీ వినబడలేదు. మిస్త్రీ ఇజీనారం ఎల్లిపోనాడు అనుకున్నాడు నూకయ్య. నవ్వు వస్తుందనుకున్నాడు, రాలేదు. అక్కడికి కూడా అదే ముందు వెళ్ళింది.

సాయంత్రం టీకి మనుషులు అలవాటుగా వచ్చారు. ఎక్కడ చేరాలో తెలియక కాసేపు నిలబడ్డారు. తర్వాత ఎవరి మూలకి వాళ్ళు వెళ్ళారు.

"మన మిస్త్రీని గాని సూసినావేటి, నూకయ్యన్నా?"

"నాను సూడనేదు."

గణపతిరావు వ్యాగన్ల కింద వంగి వంగి వెతుకుతూ పోయాడు. ఆఖరి సైరన్‌కి ముందు దత్తబాబు ఎప్పటిలాగే బిస్కట్టు పట్టుకుని ఆఫీసు గదిలోంచి వచ్చాడు. ఆయనకింకా ఎవరూ చెప్పలేదు.

"ఓ మిస్త్రీ, ఎసో!"

నూకయ్య చేతిలో కడ్డీ కింద పెట్టాడు. తెలిసి చేశాడో తెలియక చేశాడో, చేతులు నిక్కరుకి తుడుచుకుని తిరిగాడు.

"జీ బాబూ" అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. దత్తబాబు అతని ముఖంలోకి చూసి, బిస్కట్టు మళ్ళీ కాగితంలో చుట్టుకున్నాడు.

గేటు దగ్గర అందరూ బిల్లలు తగిలించి వెళ్ళిపోయేదాకా నూకయ్య ఆగాడు. జేబులోంచి తన బిల్ల తీసి మేకుకి తగిలించాడు. రెండోది కాసేపు గుప్పిట్లో ఉంచుకున్నాడు. దారిలో మురికికాలవ ఉంది, అందులో పడేస్తే ఎవరికీ తెలియదు. పొద్దున మొదట ఈ బోర్డు దగ్గరికి వచ్చేవాడు గణపతిరావే. అది తెలిసే దాన్ని కూడా అదే మేకుకి తగిలించి, తన ఇల్లున్న పూరీ గేట్ వైపు తల వంచుకుని నడిచాడు.

అరిగిపోయిన అంకె మీద ఆ కొత్త ఇత్తడి బిల్ల, కుక్క బొచ్చు రెండు పోగులు అంటుకున్న తాడుతో, ఇంకా ఊగుతూనే ఉంది.