లోర్నా తిరిగిన మైళ్లు

ఆవులకు సూదులు వేసే గ్రాహం నోరు మూసుకుని ఉంటే లోర్నా టినియన్‌కి ఆ ఫిబ్రవరి నెల అంతకు ముందు ఫిబ్రవరుల్లాగే వానలోనూ బురదలోనూ ప్రశాంతంగా గడిచిపోయేది.

లోర్నాది పాలలెక్క పని. నెలకోసారి ఒక్కో రైతు డైరీకి వెళ్లాలి. సాయంత్రం పాలు పితికేటప్పుడు ఒకసారి, మర్నాడు తెల్లవారుజామున మరోసారి అక్కడ నిలబడి, ఏ ఆవు ఎన్ని లీటర్లిచ్చిందో రాసుకుని, ఆవుకో చిన్న సీసా చొప్పున పాలు పట్టి పరీక్షకు పంపాలి. విగ్టన్ ఊరి చుట్టుపక్కల పద్దెనిమిదేళ్లుగా ఇదే పని చేస్తోంది. తిరగడమంతా సొంత కారులోనే. వెనకసీటు ఎప్పుడూ మడిచే ఉంటుంది, దాని మీద సీసాల డబ్బాలు. ఎంత కడిగినా ఆ కారులో పులిసిన పాలవాసన పోదు. ఆమె భర్త కీత్ పెళ్లిళ్లకీ చావులకీ ఆ కారెక్కడు, బస్సులో వస్తాడు.

ఆ ఫిబ్రవరిలో ఒకరోజు ఒక డైరీ వాకిట్లో లోర్నా, గ్రాహం బూట్లు కడుక్కుంటున్నారు. గ్రాహం ఉన్నట్టుండి అడిగాడు.

"నీకు మైలుకెంతిస్తారు లోర్నా?"

"పాతిక పెన్నీలు, పావు పౌండు. పన్నెండేళ్లుగా అదే పాతిక."

"పిచ్చిదానివి. ఏడాదికి పదివేల మైళ్ల దాకా మైలుకి నలభై అయిదు అని సర్కారే ఒప్పుకుంది. తక్కువపడ్డ ఇరవై కోసం పన్నాఫీసుకి రాసుకో. నాలుగేళ్లవి వెనక్కిస్తారు. నాకొచ్చాయి."

"ఎంతేమిటి?"

"బానే వచ్చాయిలే," అని కన్నుకొట్టి, గ్రాహం తన కారెక్కి వెళ్లిపోయాడు. 'బానే' అంటే ఎంతో ఆ క్షణాన నిలదీసి అడగనందుకు లోర్నా తర్వాత చాలా రోజులు తనను తానే తిట్టుకుంది.

ఆ రాత్రి ఆమె వంటింటి బల్ల మీద పాత జీతం చీటీలన్నీ పరిచింది. ఏడాదికి ఇంచుమించు తొమ్మిదివేల మైళ్లు. మైలుకి ఇరవై పెన్నీలు. నాలుగేళ్లకు ఏడువేల పౌండ్లు దాటుతోంది. మూడుసార్లు గుణించింది. కీత్‌ని లేపి గుణించమంది. అతను రాతిగోడలు కట్టే మనిషి, లెక్కల్లో తొందరపడడు.

"ఏడువేలా? ఊరికే ఎవడిస్తాడే అంత డబ్బు?" అన్నాడు.

"ఊరికే కాదు. నా కారు అరగదీసుకున్నందుకు."

దరఖాస్తు తెప్పించుకున్నాక అసలు చిక్కు బయటపడింది. జీతం చీటీలో నెలకెన్ని మైళ్లో ఒక్క అంకె ఉంటుందంతే. పన్నాఫీసుకి ఏ తేదీన, ఎక్కడినుంచి ఎక్కడికి, ఏ పని మీద వెళ్లిందీ రాసిన జాబితా కావాలి. అలాంటి జాబితా లోర్నా ప్రతినెలా రాసింది. రాసి, ఒక్క నకలైనా ఉంచుకోకుండా, ఆఫీసులో ఇచ్చేసింది.

ఆఫీసులో మేనేజరు క్రెయిగ్. ముప్పై అయిదేళ్లవాడు, పొదుగు ముట్టుకోకుండా డైరీల మీద పెత్తనం చేసే రకం.

"ఆ కాయితాలా? కిందటేడు ఆఫీసు మారినప్పుడు ముక్కలు చేయించేశాం లోర్నా. చోటు చాల్లేదు."

"పోనీ కంప్యూటర్లో ఉంటాయిగా, నేనే తేదీన ఏ డైరీకెళ్లానో?"

"ఉంటాయి. కానీ అది రైతుల సమాచారం. ఇవ్వకూడదు."

"ఆ సమాచారం రాసింది నేను, క్రెయిగ్. నా చేత్తో."

"మీరు రాశారు, నిజమే. కానీ మీది కాదుగా. పై ఆఫీసుకి రాయండి."

పై ఆఫీసుకి రాసింది. మూడువారాల తర్వాత జవాబొచ్చింది, ఇలాంటి విషయాలు మీ స్థానిక మేనేజరుతో మాట్లాడుకోవలెనని. ఆ ఉత్తరం తీసుకెళ్లి క్రెయిగ్ ముందు పెడితే, "చూశారా, నన్నడగమన్నారు. నేను ముందే కాదని చెప్పానుగా," అన్నాడు. లోర్నాకి ఒళ్లు మండిపోయింది. ఆ మనిషి ముఖంలో వెటకారమైనా ఉంటే తిరిగి ఒక మాట అనేది. అదీ లేదు. నిజంగానే సాయం చేశాననుకుంటున్నాడు.

పన్నాఫీసు లెక్కలో ఏడాది ఏప్రిల్ అయిదో తేదీతో ముగుస్తుంది. అది దాటితే నాలుగేళ్లలో మొదటి ఏడాది చేజారిపోతుంది. అప్పటికే మార్చి వచ్చేసింది.

చివరికి దారి ఆమెకే తోచింది. పాలలెక్క అయిన ప్రతిసారీ రైతుకి ఒక పట్టీ వెళ్తుంది, దాని నెత్తిన తేదీ ఉంటుంది. ఆవులవాళ్లు పట్టీలు పారేయరు. తాతలనాటి ఆవు ఎన్నిపాలిచ్చిందో చూపించి గొప్పలు చెప్పుకోవడానికైనా దాస్తారు. పనిమీద వెళ్లిన ప్రతి డైరీలోనూ, పాలు పితకడం అయ్యాక, పట్టీలు అడిగి తేదీలు రాసుకోసాగింది. ఒకరు ఆమెనే అటక ఎక్కి వెతుక్కోమన్నారు. ఒకరు ఎలుకలు సగం కొట్టేసిన కట్ట చేతిలో పెట్టారు. ఇంకొకావిడ పట్టీల వెనకవైపు తెల్లగా ఉందని పిల్లలకు బొమ్మలు వేసుకోడానికి ఇచ్చేసింది. లోర్నా ఆ బొమ్మలన్నీ తిరగేసి తేదీలు ఏరుకుంది.

వచ్చిన చిక్కల్లా ఈ నాలుగేళ్లలో ఆవులు అమ్మేసుకున్న ఆరుగురితో. వాళ్ల దగ్గరికి పనిమీద వెళ్లే వీల్లేదు. సొంత పెట్రోలు పోసుకుని విడిగా తిరగాలి. "తిరిగిన మైళ్లకు డబ్బడగడానికి మళ్లీ మైళ్లు తిరుగుతున్నావా? వీటికి ఇరవై పెన్నీలు ఎవరిస్తారు?" అని కీత్ అడిగాడు. ఆమె తలుపు దడాలున వేసి వెళ్లింది.

అయిదుగురు ఇచ్చారు. ఆరోవాడు కాల్డ్‌బెక్ పైనున్న ఎడ్విన్ హార్డిస్టీ.

హార్డిస్టీకి డెబ్బైనాలుగేళ్లు. ఆవులు అమ్మి రెండేళ్లయింది. పాకలో ఇప్పుడు పాత ట్రాక్టరొకటి, కోళ్లు నాలుగు. వాకిట్లో నిలబడి లోర్నా చెప్పిందంతా సాంతం విన్నాడు, టోపీ వెనక్కి తోసుకుని.

"పట్టీలున్నాయి. అన్నీ ఉన్నాయి. ఇస్తాను," అన్నాడు. "ముందు డచెస్ సంగతి తేల్చు."

"ఏ డచెస్?"

"చూశావా, మర్చిపోయింది! నా డచెస్ అమ్మాయ్! రోజుకి ముప్పై ఎనిమిది లీటర్లిచ్చే ఆవు. అమ్మకానికి ముందు నెల నువ్వొచ్చి ఇరవై రెండని రాసిపోయావు. వేలంలో ఆ పట్టీ చూసి రెండొందలు తగ్గించారు. నోటితో ఒక్క మాట చెప్పు, పొరపాటు పడ్డానని. పట్టీలు పట్టుకెళ్లు."

లోర్నాకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు సాయంత్రం అంకె చూసి తనకే నమ్మకం కలగక రెండుసార్లు చదివింది. మర్నాడు పొద్దునా అంతే తక్కువ, రెండు పూటలూ కలిపితే ఇరవై రెండే.

"నేను పొరపాటు పడలేదు మిస్టర్ హార్డిస్టీ. ఉన్నదే రాశాను."

"అయితే పట్టీలు లేవు."

"పద్దెనిమిదేళ్లలో నేను దొంగలెక్క రాయడం ఎప్పుడైనా చూశారా?"

"దొంగలెక్కన్లేదు. కళ్లు మందగించాయంటున్నాను. ఆడవాళ్లు కళ్లజోడు పెట్టుకోడానికి సిగ్గుపడతారు."

ఇక నిలబడితే ఏమంటుందో తనకే తెలియక లోర్నా కారెక్కేసింది. ఇంటికొచ్చి జరిగింది చెబితే కీత్, "ఆ ఒక్క ముక్కా అనేస్తే పోయేదిగా? ముసలాయన సంతోషిస్తాడు, ఆవు వినడానికి లేదు," అన్నాడు. అతను చెప్పినదాంట్లో తప్పేం లేదు. అందుకే మరీ కోపం వచ్చింది. రెండురోజులు ఆలోచించింది. పంతమని కాదు, ఆ మాట ఒకసారి అంటే ఆ చుట్టుపక్కల ప్రతి రైతూ తనకి నచ్చని అంకెనల్లా లోర్నా కళ్లమీదకి నెడతాడు. అయినా హార్డిస్టీవి నాలుగేళ్లలో రెండేళ్ల తేదీలు, నెలనెలా యాభై మైళ్లు. మూడోరోజు మళ్లీ వెళ్లింది, ఏం చెప్పాలో తేల్చుకోకుండానే.

ఆయన వాకిట్లోనే ఎదురయ్యాడు. "చెప్తావా?"

"చెప్పను. కానీ మీరా పట్టీలు ఇవ్వాలి. అవి దాచుకుని మీరేం చేస్తారు? డచెస్ తిరిగొస్తుందా?"

ఆ మాటకి హార్డిస్టీ ముఖం చిన్నబోయింది. లోర్నా వెంటనే నొచ్చుకుంది, కానీ సర్దుకునేలోపే వంటింటి కిటికీ ధడేలున తెరుచుకుంది. ఆయన భార్య ఈడా, చేతులకు పిండితో సహా బయటికి వంగింది.

"ఎడ్విన్! నీకింకా సిగ్గు రాలేదా? ఆ నెల దానికి పొదుగువాపు. నేనే కదా పూటపూటా మందు రాశాను! వేలంవాళ్లకి చెప్పొద్దని నా నోరు నొక్కిందెవరు? ఇన్నాళ్లూ ఆ పిల్లని ఆడిపోసుకుంటావా?"

హార్డిస్టీ బూట్లవైపు చూసుకున్నాడు. "వాపు కాస్తే," అని గొణిగాడు.

"కాస్తా! గుమ్మడికాయంత! లోపలికి రా లోర్నా, పట్టీలు సోఫా కింద ఉన్నాయి. టీ తాగి వెళ్దువుగాని."

రెండుగంటలు అక్కడే కూర్చుని తేదీలు రాసుకుంది. అల్లం కేకు రెండుముక్కలు తిన్నది. హార్డిస్టీ ఎదురుగా కూర్చుని ఒక్కో పట్టీ అందిస్తూ, ఒక్కో ఆవు గుణగణాలు అడక్కుండానే చెప్పాడు. క్షమాపణ మాత్రం ఆయన నోట రాలేదు. ఆమె కూడా అడగలేదు.

జాబితా ముప్పై రెండు పేజీలయింది. ఒక్క సందేహం మిగిలింది: ఇంటినుంచి నేరుగా డైరీకి వెళ్లిన మైళ్లు లెక్కలోకి వస్తాయా రావా అని. పన్నాఫీసుకి ఫోన్ చేసింది. ముప్పావుగంట సంగీతం విన్నాక ఒక మెత్తటి గొంతు పలికింది.

"మీకంటూ రోజూ వెళ్లే ఆఫీసేదైనా ఉందాండీ?"

"లేదు. ఒక్కో డైరీకి నెలకోసారి చొప్పున తిరగడమే."

"అయితే అవీ వస్తాయండి, మిసెస్ టినియన్. ఇంకేమైనా అడగాలా?"

"ఏం లేదమ్మా. మైలుకి ఇరవై చొప్పున ఎన్నాళ్లకు పంపుతారో చెబితే చాలు."

ఆ గొంతు ఇంకా మెత్తబడింది.

"ఇరవై పెన్నీలు మేమివ్వమండీ. ఆ ఇరవై మీద మీరు కట్టిన పన్ను వెనక్కిస్తాం. మీరు కట్టేది నూటికి ఇరవై కాబట్టి, మైలుకి నాలుగు పెన్నీలు పడుతుంది."

"నాలుగా?"

"నాలుగండీ."

లోర్నా ఆ అమ్మాయికి థాంక్స్ చెప్పి, ఫోన్ పెట్టేసి, గ్రాహంని వాడి అమ్మమ్మ దాకా తిట్టింది. తర్వాత గ్రాహంకి ఫోన్ చేసి, "నీకెన్నొచ్చాయిరా?" అని అడిగింది. మూడొందల చిల్లరట. "బానే వచ్చాయన్నానుగా," అన్నాడు వాడు. "ఏడువేలన్నానా?"

కీత్‌కి చెప్పక తప్పలేదు. అతను నవ్వకుండా ఉండాలని గట్టిగానే ప్రయత్నించాడు. "కొండను తవ్వి ఎలుకను పట్టావే," అన్నాడు ఆఖరికి.

"ఎలుకైనా నాదే. వదలను," అంది లోర్నా. కష్టపడి రాసిన ముప్పై రెండు పేజీలు పొయ్యిలో పెట్టడానికి ఆమెకి చేతులు రాలేదు. మార్చి ఇరవై ఎనిమిదిన రిజిస్టరు పోస్టులో పంపించేసింది.

జూలైలో జవాబొచ్చింది. అడిగిందంతా ఒప్పుకున్నారు, ఒక్క మైలూ కొట్టేయకుండా. పద్నాలుగువందల చిల్లర పౌండ్లు బ్యాంకులో పడ్డాయి. అందులో సగం కారు స్ప్రింగులకే పోయింది. సీసాల బరువుకి వెనకభాగం ఎప్పుడో నేలకి కుంగింది.

ఇక్కడితో అయిపోయిందనుకుంది. సెప్టెంబరులో పశువుల సంత పైగదిలో సమావేశం పెట్టారు. పాలలెక్క చేసేవాళ్లు పదకొండుగురూ వచ్చారు. క్రెయిగ్ లేచి, టీ కప్పు చేత్తో పట్టుకుని, చిరునవ్వుతో మొదలెట్టాడు.

"ఒక మంచివార్త. మన లోర్నాకి పన్నాఫీసునుంచి పద్నాలుగొందలు వచ్చాయట, ఏ డైరీకెళ్లినా అదే మాట! మీరందరూ అడగొచ్చు. ఇలాంటివి మన సిబ్బందికి అందాలనే మేమెప్పుడూ కోరుకుంటాం. కాబట్టి మైలు రేటు పెంచమని ఇక ఎవరూ అడగరనుకుంటా. తక్కువపడేది సర్కారే ఇస్తోందిగా!"

లోర్నా లేవాలనుకోలేదు. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియలేదు.

"సర్కారిచ్చేది నాలుగు పెన్నీలు, క్రెయిగ్. మిగిలిన పదహారూ ఎవరి జేబులోంచి పోతున్నాయి? నా జేబులోంచి. వీళ్లందరి జేబుల్లోంచి. ఆ నాలుగైనా నాకెలా వచ్చాయో చెప్పనా? తేదీలివ్వమంటే నువ్వివ్వలేదు. ఆవులమ్ముకున్న రైతుల సోఫాల కింద దూరి తెచ్చుకున్నాను. నీ కంప్యూటర్లో ఉన్నదాని కోసం!"

"అది రైతుల సమాచారమని అప్పుడే..."

"ఆ రైతులే ఇచ్చారయ్యా! టీ ఇచ్చి మరీ ఇచ్చారు!"

వెనకనుంచి ఎవరో నవ్వారు. తర్వాత అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలెట్టారు. ఒకామె తను ఏడాదికి పదకొండువేల మైళ్లు తిరుగుతున్నానంది. ఇంకొకాయన కిందటి నెలలో టైర్లకే ఎంత పెట్టాడో చెప్పాడు. ఇన్నేళ్లలో వాళ్లు ఈ ముచ్చట ఒకరితో ఒకరు అనుకోనే లేదు. ఆరోజు అక్కడే, టీ బల్లమీద, పై ఆఫీసుకి పదకొండు సంతకాలతో ఉత్తరం రాశారు. పాలలెక్కలు వచ్చేనెలనుంచి ఎవరి కార్లలో జరుగుతాయో మీరే చూసుకోండని చివర్న కలిపారు.

క్రిస్మస్ తర్వాత కంపెనీ రేటు పెంచింది. పాతిక నుంచి ముప్పైకి. తన కృషి వల్లే సాధ్యమైందని క్రెయిగ్ అందరికీ మెయిల్ పంపాడు.

"ముప్పైకి పెంచారంటే, పన్నాఫీసు చూసే తేడా పదిహేనుకి తగ్గుతుంది," అన్నాడు కీత్ మధ్యాహ్నం భోజనాల దగ్గర, కవరు వెనక పెన్సిలుతో లెక్కేస్తూ. "అంటే వాళ్లిచ్చేది మూడుకొస్తుంది. ఇటు అయిదు పెరిగి, అటు ఒకటి తగ్గితే..."

"కీత్."

"నిఖరంగా నాలుగు మిగులుతుంది."

"ఇంకొక్క లెక్క చెప్పావంటే ఆ పెన్సిలు విరిచి పొయ్యిలో పెడతా," అంది లోర్నా. గబగబా కోటు తొడుక్కుంది. సిలత్ రోడ్డు మీది డైరీలో మూడుగంటలకే పితకడం మొదలెడతారు, అప్పటికే ఆలస్యమైంది.