రంగ్రేజు గల్లీకి తెరుచుకున్న కిటికీ

యాడికిలో ఎవరన్నా పెద్ద ఊరికి ప్రయాణం పెట్టుకుంటే, ట్రంకు పెట్టె సర్దకముందే రామసుబ్బమ్మ ఇంటికి పోయేది పద్ధతి. ఆ ఊర్లో ఏ వీధిలో రూము తీసుకోవల్లనో ఆమె కిటికీలో చూసుకోని పోతారు. బెల్లం దిమ్మెలు, చింతపండు గంపలు పెట్టుకునే వెనక అరలో ఉంటుంది ఆ కిటికీ. ఊరికే తీస్తే అవతల అక్కమ్మ వాళ్ళ గొడ్లచావిడి గోడ. రామసుబ్బమ్మ రెక్క మీద చెయ్యిపెట్టి ఒక వీధి పేరు చెప్పి తీస్తే మాత్రం అవతల ఆ వీధే, ఆ పొద్దుకు ఎట్లుంటే అట్ల, చప్పుడుతో వాసనతో సహా కనపడుతుంది. వాళ్ళత్త పోయేటప్పుడు పెద్దకోడలి చేతికి అప్పగించి పోయింది. ఇంట్లో ఇంకెవరు పేరు చెప్పి తీసినా గోడే.

ఆ పొద్దున కదిరప్ప వచ్చినాడు. మైసూరు దసరా చూడాలని ఆయనకూ ఇంటామెకూ ఆశ. రామసుబ్బమ్మ చేతికంటిన చింతపండు కొంగుకు తుడుచుకోని, రాజుగారి కోట ముందర వీధి తీసి చూపించింది.

"ఈడ వద్దు కదిరప్పా. ఏనుగులు పోయినంతసేపూ బాగుంటుంది, ఆ తర్వాత కన్ను మూతపడదు." మళ్ళీ మూసి, ఇంకో సందు పేరు చెప్పి తీసింది. "ఇది చూడు. మంచాలు ఎండలో వేసి కొడతాండారు. అంటే నల్లుల మీద భయం ఉండే మనిషి నడిపే హోటలు. ఈడ దిగండి."

"మీరు ఎన్నితూర్లు పోయినారమ్మా మైసూరికి?" అని కదిరప్ప అడిగినాడు.

"ఒక్కతూరి కూడా పోలే," అని రెక్కలు వేసేసింది.

మైసూరే కాదు, గుంతకల్లు దాటి ఆమె యాడికీ పోలేదు. పెండ్లయిన కొత్తలో మొగుడు నారాయణస్వామి, హైదరాబాదు పిలుచుకోని పోతా, చార్మినారు చూపిస్తా అన్నాడు. ఇరవై నాలుగేండ్లయింది. కూతురు పుట్టి, పెరిగి, పెండ్లయి తాడిపత్రికి కాపురానికి పోయింది. ఎప్పుడడిగినా ఆయన ఒకటే మాట. "అంగడి ఎవురు చూస్తారే? అయినా నీకేం తక్కువ, ఇంట్లో కూర్చోనే అన్ని ఊర్లూ చూస్తాండావు." ఆ మాట వింటే ఆమెకు చూసినట్టే ఉండాది, చూడనట్టే ఉండాది. ఊర్లో అందరూ పోయి వస్తాండారు, తనొక్కతే దోవ చూపిస్తాండాది.

సరే, ఊరోళ్ళు పోతే ఓర్చుకుంది. ఇంట్లోవాళ్ళు పోతానంటే ఎట్ల ఓర్చుకునేది?

మరిది బదరీనారాయణకు పెండ్లయి మూడేండ్లు కూడా నిండలేదు. చెనిక్కాయలు ఒక మాదిరిగా పండిన ఆ యేడు, పెండ్లాం వరలక్ష్మిని తీసుకోని పది రోజులు హైదరాబాదు పోతానని అన్న ముందర చెప్పినాడు. నారాయణస్వామి "పోయి రాండ్రా, అంగడి నేను చూసుకుంటా" అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడు. పక్కనే బియ్యంలో రాళ్ళేరుతాండిన రామసుబ్బమ్మకు ఒళ్ళంతా భగ్గుమనింది. తమ్మునికైతే అంగడి అడ్డం రాలేదు చూడు, అనుకుంది. ఆ పూట రాళ్ళు సగం బియ్యంలోనే మిగిలిపోయినాయి, అన్నం ఎవరికీ సయించలేదు.

వరలక్ష్మి మంచి పిల్లే. అదే వచ్చిన తంటా. తిట్టుకోనీకి కూడా ఒక సందు దొరకదు. "అక్కా, యాడ దిగల్లనో నువ్వే చెప్పల్ల, నువ్వు యాడ చెప్తే ఆడ," అని వచ్చి నిలబడింది, రెండు జడలేసుకోని, కండ్లు ఇంతింత చేసుకోని.

రామసుబ్బమ్మకు హైదరాబాదు వీధులన్నీ తెలుసు. సుల్తాన్ బజారులో మేడ మీద వరండా ఉన్న హోటలు ఒకటుంది. పొద్దున్నే గాలి, కింద పూలంగడి, అడుగు దూరంలో చీరల కొట్లు. తను ఎప్పటికైనా పోతే ఆడనే దిగల్లని ఇరవై యేండ్ల కిందటే ఎంచిపెట్టుకుంది. అది వరలక్ష్మికి ఇవ్వబుద్ధి కాలేదు. ప్రాణం పోయినా ఇవ్వబుద్ధి కాలేదు.

ఒక్క అబద్ధమూ ఆడలేదామె. పొద్దు మాత్రం ఎంచింది. సుల్తాన్ బజారును సాయంత్రం ఆరు గంటలకు తీసి చూపించింది. రిక్షాలు ఒకదాన్నొకటి తోసుకుంటాండాయి, రెండు ఆంబోతులు అడ్డం తిరిగి పోట్లాడుకుంటాండాయి, ఎవరో ఎవర్నో చొక్కా పట్టుకోని లాగుతాండాడు. వరలక్ష్మి రెండడుగులు వెనక్కి జరిగింది.

"వద్దక్కా, ఈడ నేను తప్పిపోతా."

మర్నాడు తెల్లారుజామున చార్మినారు వెనక ఉండే రంగ్రేజు గల్లీ తీసింది. గుడ్డలకు రంగులేసేవాళ్ళ సందు అది. అప్పుడే పొయ్యిలు రాజేస్తాండారు. ముందురోజు తొట్లలో మిగిలిన నీళ్ళు వదిలినారేమో, వీధి నడిమిన్నే ఎర్రగా, పక్కన నీలంగా, కాలువలు కట్టి పారతాండాయి.

"నీళ్ళు పారతాండాయక్కా," అని వరలక్ష్మి కిటికీ పట్టె పట్టుకోని వంగింది. "వీధిలోనే నీళ్ళు." బదరీనారాయణ కూడా వచ్చి చూసి, "ఎంత చల్లగా ఉంటుందో ఈడ," అన్నాడు. బిందెడు నీళ్ళకు మైలు దూరం నడిచే ఊరోళ్ళు. వీధిలో నీళ్ళు పారితే అది దేవలోకమనే అనుకుంటారు గానీ, అది పారబోసిన నీళ్ళని ఎట్ల అనుకుంటారు? మధ్యాన్నం నీలిమందు తొట్లు కెలికినప్పుడు ఆ గల్లీలో లేచే కంపు రామసుబ్బమ్మకు తెలుసు. ముందురోజు మధ్యాన్నం ఒక్కతే తీసి చూసి, ముక్కు మూసుకోని రెక్కలు వేసింది. ఆమెకు మనసు చల్లబడింది ఆ వాసనకే.

"మీకు నచ్చితే సరే," అని మాత్రం అనింది.

వాళ్ళు గుత్తి బస్సెక్కి పోయినారు. రెండోరోజు నుంచి రామసుబ్బమ్మకు అర వదిలి బయటికి రాబుద్ధి కాలేదు. రంగ్రేజు గల్లీ పేరు చెప్పేది, రెక్క ఓరగా తీసేది, చూసేది. వరలక్ష్మి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోని ఏడుస్తా కూర్చోనుంటుందని ఆశ. ఆ పిల్ల కొంగైతే అడ్డం పెట్టుకుంది గానీ, కొంగు వెనక నవ్వుతాండాది. చేతినిండా లక్కగాజులు. బదరీనారాయణ దొప్పలో ఏందో తెచ్చి తినిపిస్తాండాడు, నడివీధిలో, సిగ్గు లేకుండా. రామసుబ్బమ్మ కండ్లలో కారం కొట్టినట్టయింది. పొయ్యి మీద సంగటి అడుగంటింది. మర్నాడు పప్పు మాడింది. నారాయణస్వామి అన్నం ముందర కూర్చోని, "ఏమే, ఒంట్లో బాలేదా?" అన్నాడు.

"ఒళ్ళు బాగానే ఉండాది," అని మళ్ళీ అరలోకి పోయింది.

నాలుగోరోజు సాయంత్రం రెక్క ఓరగా తీసేసరికి, వరలక్ష్మి నేరుగా కిటికీ ముందరకు వచ్చి నిలబడింది. అవతలి మనుషులకు కిటికీ కనపడుతుంది. ఏ ఇంటిదో అనుకోని పోతారు. ఈ పిల్ల మాత్రం ఆ గోడనే కనిపెట్టుకోని కూర్చున్నట్టుంది.

"అక్కా, పూర్తిగా తియ్యి. మూడు రోజులనుంచీ సందులోనుంచి చూస్తాండావు, మెడ పట్టుకుంటుంది."

రామసుబ్బమ్మ రెక్క తీసింది. గుప్పుమని కంపు అరనిండా వచ్చింది.

"ఈ వాసన నాకు తెలుసు," అనింది చివరికి. "తెలిసే మిమ్మల్ని ఈడికి పంపిస్తి. ఓర్చుకోలేకపోతి వరలక్ష్మీ."

"దిగిన రోజే తెలిసిందక్కా. నీకు తెలీని వీధి ఉంటుందా?"

"మరి వేరే యాడికన్నా పోకుండా, ఈ కంపులో ఏమిటికుండారు?"

"వేరే యాడికి పోతే నువ్వు మమ్మల్ని ఏ వీధి పేరు చెప్పి వెతుకుతావు? ఈడైతే రోజూ వచ్చి చూస్తావని తెలుసు." ఆ పిల్ల గాజుల చెయ్యి చాపింది. "రా అక్కా. నీకోసమే కాచుకోనుండాం."

ఇన్నేండ్లలో ఆ కిటికీ దూకొచ్చని ఎవరికన్నా తోచిందా అంటే తోచలేదు. కిటికీ చూసేదానికి, పోయేదానికి రైలు. రామసుబ్బమ్మకూ ఆ ఒక్క క్షణం దాకా తోచలేదు. నడుమెత్తు పట్టె. చింతపండు గంప బోర్లించి, దానిమీద కాలు పెట్టి ఎక్కి, అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చుంది. అప్పుడే నారాయణస్వామి అంగట్లోకి బెల్లం కావాలని వచ్చినాడు.

"ఏందే ఆ కూర్చునేది? కిందికి దిగు."

"దిగుతాండా."

"ఇటు దిగు. అటు కాదు. వంట ఎవురు చేస్తారు?"

"సంగటి కెలికేది మీకు రాదా? నేర్చుకోండి."

"అంగడి వదిలిపెట్టి నేను యాడికి వచ్చేది, నువ్వు అట్ల పోతే?" ఆయన గొంతు తగ్గింది. "ఎప్పుడొస్తావు?"

"చూసినాక వస్తా. మీరు రావల్లంటే గుంతకల్లులో రైలు మారల్ల. అందరికీ నేనే చెప్తాండా కదా."

ఆమె రెక్క మీద చెయ్యి వదిలి దూకింది. వెనక్కి తిరిగి చూస్తే సున్నం కొట్టిన గోడ. కాళ్ళ కింద తడి. రంగునీళ్ళలో చీర అంచు మునిగి నీలమైంది, అయినా ఎత్తి పట్టుకోలేదు.

"ఈ కంపు చాలు, రూము మారుద్దాం," అన్నాడు బదరీనారాయణ. "వదినా, నీకు యాడ ఉండాలని ఉండాది?"

కదిరప్పకూ ఊరందరికీ చెప్పిన రామసుబ్బమ్మకు తన సంగతి వచ్చేసరికి మాట పెగల్లేదు. ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు మరి. నడివీధిలో నిలబడి ఏడ్చింది. ఏడ్చినాక ముక్కు చీదుకోని, "సుల్తాన్ బజారు," అనింది. "మేడమీద. వరండా ఉండే రూము. పొద్దున బాగుంటుంది, మీకు నేను సాయంత్రం చూపించినా."

ఐదు రోజులకు నారాయణస్వామి దిగినాడు. ఆ ఐదు రోజులూ అంగడి కట్టేసి, వీధి పేరు చెప్పి కిటికీ తీసేది, గొడ్లచావిడి గోడ చూసేది, మూసేది, ఇదే పనంట. చివరికి గుంతకల్లులో రైలు మారి, కాచిగూడలో దిగి, ముక్కు మూసుకోని రంగ్రేజు గల్లీ అంతా వెతికి, ఆడి హోటలాయన చెప్తే సుల్తాన్ బజారు వచ్చి మేడ ఎక్కినాడు. వరండాలో రామసుబ్బమ్మ చాయ తాగుతా వరలక్ష్మితో ఏందో చెప్పి నవ్వుతాండాది. ఆమె అంతసేపు నవ్వంగా ఆయన ఎప్పుడూ విన్నది లేదు.

"చార్మినారు చూసినావా?" అని అడిగినాడు, చేతిసంచి కూడా దించకుండా.

"చూసినా. రెండుతూర్లు. పైకెక్కి కూడా చూసినా."

"నేను లేకుండానే?"

"మీరు లేకుండానే."

నారాయణస్వామి మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె చేతిలో గ్లాసు చూసినాడు, కొత్త గాజులు చూసినాడు. "వీడు కూడా ఎక్కినాడా?" అని తమ్మున్ని చూపించి అడిగినాడు. బదరీనారాయణ తల ఊపితే ఆయన మొగం ఇంకా నల్లబడింది. ఆ మొగం రామసుబ్బమ్మకు బాగా తెలుసు. కడుపులో ఏం మండుతాంటే మనిషి మొగం అట్ల అవుతుందో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. జాలేసింది. అయినా ఇంకో చాయ తెప్పించుకోని, అది తాగినంతసేపూ ఆయన్ను అట్లనే కూర్చోనిచ్చింది.

గ్లాసు కింద పెట్టినాక, "లేవండి, మొగం కడుక్కోండి," అనింది. "పొద్దు వాలినాక ఎండ తగ్గుతుంది. పిలుచుకోని పోయి మీకు చూపిస్తా."