చెలమకడ కావలి

వైశాఖమాసాంతమున మధ్యాహ్నమార్తాండుఁడు నిజప్రచండకిరణపరంపరలచే శిలాతలములఁ బెనములవలెఁ గాఁచుచుండఁగా నల్లమల యడుగుకొండలలోని తరువులెల్ల నాకురాల్చి యస్థిపంజరములంబోలి నిలిచియుండెను. పక్షికూజితము లేదు. ఎండుటాకుల నీడ్చుకొనిపోవు వడగాలి చప్పుడొక్కటియే వినవచ్చుచుండెను.

అట్టివేళ నేకాకియై, తన పాతయీఁటె నూఁతకోలగాఁ గొని, యా కనుమదారిం బడి వచ్చుచుండినవాఁ డక్కినాయఁడు. ఇరువదియేండ్లు సంస్థానసైన్యమున నీఁటెకాండ్రకు నాయకుఁడై మెలఁగి యా సైన్యము చెదరిన పిదప నిల్లును నెలవును లేక యూరూరఁ దిరుగుచుండెను.

ఒక ఱాతినీడను రిక్తఘటములతోఁ గూర్చుండిన యాఁడువారు వానికిఁ గానవచ్చిరి. వారిలోఁ బెద్దదియగు చెన్నక్క యడిగినమీఁదటఁ దమ గోడు చెప్పెను. ఊరిబావు లెండిపోయినవి. మలుపునకావల నున్న చెలమయందే నీరున్నది. దానిని ముగ్గురు సాయుధులాక్రమించి తమతో దారిదోపిడికి మగవానినంపిన యింటికే నీరు విడుచుచున్నారు. తాను మఱఁదినంపనన్నందునఁ దనయింట బాలెంతరాలైన కోడలు రెండుదినములనుండి దప్పిచే నాలుక పిడచగట్టి పడియున్నది.

ఇఁక నాయుధమెత్తనని యొట్టుపెట్టుకొనియుండుటచే నక్కినాయఁడు తలవంచుకొని పదియడుగులు ముందునకుఁ బోయెను. వెనుకనుండి యెవ్వరును బిలువలేదు. ఆ పిలువకపోవుటయే వాని కాళ్లకు బంధమయ్యెను. వాఁడు మరలి చెలమవైపు నడచెను.

అచ్చట లేచి యెదురువచ్చిన మూఁకపెద్దను జూచి యక్కినాయఁడు నిశ్చేష్టుఁడయ్యెను. వాఁడు వెంగళుఁడు. తానే యీఁటె పట్టించి విద్య గఱపిన బంటు.

“నాయకా, దాహముగొన్నచోఁ ద్రాగి నీదారిం బొమ్ము. నీతోఁ బోరుట నా కిష్టము గాదు.”

“ఆఁడువారు త్రాగిన పిదపఁ ద్రాగెదను.”

“సైన్యము చెదరిననాఁడు మాకింత కూడు పెట్టినవాఁడు లేఁడు. నీవు నేర్పిన విద్యతోడనే బ్రదుకుచున్నాను.”

అక్కినాయఁ డొట్టు విడిచి యీఁటె నెత్తెను. పైఁబడిన యనుచరులలో నొకని మణికట్టీఁటెకఱ్ఱదెబ్బకు విఱుగఁగా రెండవవాఁడు వానినీడ్చుకొని పొదలలోనికిఁ బాఱిపోయెను. వెంగళుఁడు మాత్రము నిలిచెను. పోటునకుముందు కుడిభుజము దించుట వాని తొలినాఁటి లోపము. దానిని దిద్దుటకై యక్కినాయఁ డెన్నియో దినములు శ్రమించియుండెను. ఇప్పుడును భుజము దిగెను. మఱునిమేషమున గురువునీఁటె శిష్యుని ప్రక్కను దూఱెను.

చెలమయంచునఁ గూలిన వాని తల నొడినిడికొని యక్కినాయఁడు దోసిట నీరు పోసెను. అది గొంతు దిగక పెదవులకొననుండి జాఱిపోయెను.

చెన్నక్క చేరవచ్చి మెల్లగా నిట్లనియె: “అన్నా, నీవిచ్చటనే యుండుము. ఇంటికొక ముద్దచొప్పునఁ బెట్టి పోషించుకొనెదము. కావలి లేకున్న మఱియొకఁడు వచ్చును.”

“వీనినిఁ దొలుత నిచ్చటికిఁ బిలిచినవారెవ్వరు?”

 ఆమె నేలచూపులు చూచుచు, “మేమే. దొంగల బాధకుఁ దాళలేక రెండేండ్లక్రిందటఁ గావలి పెట్టుకొంటిమి. మొదట మంచివాఁడుగానే యుండెను” అనెను.

అక్కినాయఁడు వెంగళుని కన్నులు మూసి లేచి గ్రుక్కెడు నీరైనఁ ద్రాగక కనుమదారిం బట్టి పోయెను. రక్షించు బలిమికిని బాధించు బలిమికిని నడుమనున్న గట్టెంత సన్ననిదో వాఁ డెఱుఁగును.

ఆఁడువారు చెలమచుట్టును నిలిచి నీటఁ గలసిన యెఱుపు దిగుటకై వేచియుండిరి. ఎంతసేపటికిని నీరు తేఱలేదు. ఇంటికడనున్న కోడలిఁ దలంచుకొని చెన్నక్క మొదటికుండ ముంచెను.